ఆమె మొహం ఎన్నో సెకనుకి కనిపించింది?

విశాఖపట్నంలో లఘుచిత్ర పోటీలు, ఇండిపెండెంట్ సినిమా ప్రదర్శనలు నడిపే సంఘాలకు, కాలేజీ ఫిల్మ్ క్లబ్బులకు, వాటికి న్యాయనిర్ణేతలుగా కూర్చునే పెద్దలకు బహిరంగ లేఖ

నమస్కారం.

ఈ ఊళ్ళో చిన్న సినిమాలకి ఎడిటింగు, సౌండు, కెమెరా, కాస్ట్యూమ్స్, కంటిన్యూటీ (షాటుకీ షాటుకీ మధ్య తేడా రాకుండా చూడడం) చూసేవాళ్ళం, నటించేవాళ్ళం కలిసి రాస్తున్న ఉత్తరమిది. ఎక్కువమందిమి ఆడవాళ్ళం, కొందరు మగవాళ్ళు కూడా ఉన్నారు. ఏ ఒక్క సినిమా మీదా, ఏ ఒక్క దర్శకుడి మీదా ఇది ఫిర్యాదు కాదు. ఆడవాళ్ళని చులకనగా చూపించిన సినిమాలకి కూడా బహుమతులు వచ్చేలా మీరు ఎంచే పద్ధతి మీదే మా అభ్యంతరం. కొత్తగా కెమెరా పట్టిన కుర్రాడు ముందు చూసేది కిందటేడు మీ దగ్గర ఏ సినిమాకి షీల్డు వచ్చిందనే. వచ్చే ఏడు అలాంటివే మరో ఇరవై తయారవుతాయి. అందుకే దర్శకులకి కాకుండా మీకు రాస్తున్నాం.

పెద్ద సినిమా వాళ్ళని ఆడవాళ్ళని అలా ఎందుకు చూపించారని అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది. బయ్యర్లు అడిగారు, బి, సి సెంటర్లలో ఆడాలి, హీరోగారు ఒప్పుకోరు. సాకులే అనుకోండి, అయినా అక్కడ కోట్ల డబ్బుంది, వడ్డీ ఉంది, భయం ఉంది. మన దగ్గర ఏముంది? స్నేహితుడి కెమెరా, ఎంవీపీ కాలనీలో ఎవరిదో ఖాళీ మేడ, తలా ఇంత వేసుకున్న డబ్బు, రెండు ఆదివారాలు. బయ్యరు లేడు. ఈ షాటు ఉంచు, ఆ షాటు తియ్యి అనే పై మనిషీ లేడు. ఇండిపెండెంట్ అని గర్వంగా చెప్పుకునేది దానికే కదా. కాబట్టి ఇందులో ఆడమనిషిని చులకన చేసిన ప్రతి షాటూ ఎవరి ఒత్తిడీ లేకుండా, ఇష్టపడి పెట్టుకున్నదే.

ఆ చులకన ఐటం సాంగు రూపంలో రాదు. దానికి డబ్బులుండవు. ఇక్కడ దాని వేషం వేరు, పైగా మర్యాదస్తురాలి వేషం. మీ దగ్గరికి ఏటా వచ్చే ఎంట్రీల్లో మొదటి రకం బ్రేకప్ సినిమా. ఇంజినీరింగ్ ఫైనలియర్ కుర్రాడు, బీచ్ రోడ్డు మీద బైకు, కైలాసగిరి మీద పుట్టినరోజు కేకు, అయిదో నిమిషంలో ఆ అమ్మాయికి అమెరికా సంబంధం. తర్వాత గడ్డం, వాన, వాయిస్ ఓవర్. చివర్లో అమ్మకి ఫోన్ చేసి ఏడుస్తాడు. పద్నాలుగు నిమిషాల్లో ఆ అమ్మాయికి ఉన్న డైలాగులు ఒకసారి లెక్కపెట్టండి. ఎందుకు వదిలి వెళ్ళిందో తన నోటితో చెప్పే సీను దాదాపుగా ఉండదు. ఆ కారణం టీ కొట్టు దగ్గర హీరో స్నేహితుడు చెప్తాడు: "అమ్మాయిలంతే మామా." న్యాయనిర్ణేత కామెంటు: "హృదయానికి హత్తుకుంది."

రెండో రకం చెల్లెలి సినిమా. చెల్లెలికి ఒక పేరుంటుంది, ఒక రాఖీ సీను ఉంటుంది, తర్వాత శవం ఉంటుంది. రాఖీ సీను వచ్చిందంటే ఆ పిల్లకి ఆయుష్షు మూడినట్టేనని ఎడిటింగ్ టేబుల్ మీద మాకు ముందే తెలిసిపోతుంది. ఆమె మీద జరిగిన అఘాయిత్యం ఆమె కథ కాదు, అన్న చేతికి కత్తి అందించే ఏర్పాటు. మూడో రకం, "సామాజిక స్పృహ" విభాగంలో వచ్చేది: బాధపడే ఆడది. పదిహేను నిమిషాలు బాధపడుతుంది, ఇంకేమీ చెయ్యదు. ఉత్తమ నటి బహుమతి ఎక్కువగా ఈమెకే వస్తుంది. బాగా ఏడ్చినందుకు.

ఇదంతా మొదలయ్యేది సీన్ పేపర్లో. పాత్రల పరిచయం పేజీ తీయించి చూడండి. "రవి, 24, డిప్లొమా చదివి ఖాళీగా ఉన్నాడు, తండ్రి పోర్టులో కళాసీ, అప్పులంటే భయం." దాని కింద: "ప్రియ, 21, అందమైన అమ్మాయి." రవికి అయిదు విషయాలున్నాయి, ప్రతి దాన్నుంచీ ఒక సీను పుడుతుంది. ప్రియకి ఉన్నవి వయసూ, అందమూ. అందం నుంచి పుట్టేది సీను కాదు, షాటు. అందుకే ఆ సినిమాలో ప్రియకి షాట్లే ఉంటాయి, సీన్లుండవు. ఇది ఎవరో పనిగట్టుకుని చేసిన దుర్మార్గం కాకపోవచ్చు. రాసేటప్పుడు ఆమెని ఏ పనిలో పెట్టాలో ఆలోచించకపోవడం చాలు, మిగతాదంతా దానంతటదే జరిగిపోతుంది.

మా స్క్రిప్టు మీటింగుల్లో వాడే చిన్న పద్ధతి ఒకటి చెప్తాం, మీకూ పనికొస్తుంది. సీన్ పేపరు మీద, ఆమె తీసుకున్న నిర్ణయం వల్ల తర్వాతి సీను మారిన చోటల్లా ఎర్ర పెన్నుతో గీత. ఆమెకి ఏదైనా జరిగిన చోటల్లా, అంటే తిట్టడం, కొట్టడం, వదిలెయ్యడం, కాపాడడం, పెళ్ళి చెయ్యడం లాంటి వాటికి నీలం గీత. ఒక్క ఎర్ర గీత కూడా లేకుండా పది నీలం గీతలుంటే ఆమె పాత్ర కాదు, సామాను. 1985లో అమెరికన్ కార్టూనిస్టు ఆలిసన్ బెక్డెల్ తన కార్టూన్లో పెట్టిన నియమం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది: ఇద్దరు ఆడవాళ్ళుండాలి, ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, అదీ మగవాడి గురించి కాకుండా. పోటీకి దాన్ని గీటురాయిగా పెట్టమని మేం అడగం. గదిలో ఒంటరిగా ఉన్న ముసలాయన మీద తీసిన మంచి సినిమా అందులో తప్పుతుంది, చీరల షాపులో రెండు నిమిషాల ముచ్చటున్న చెత్త సినిమా పాసవుతుంది. గీతల లెక్క అంతకంటే నయం.

ఇక కెమెరా. ఒక పరిచయ సన్నివేశాన్ని దగ్గర పెట్టుకుని చూద్దాం. రామకృష్ణా బీచ్, తెల్లవారుజాము. మన తీరానికి సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు కాబట్టి ఆ గంటసేపూ వెలుగు మెత్తగా, పక్కవాటుగా పడుతుంది. పైసా ఖర్చులేని లైటింగు, అందుకే అందరూ అక్కడికే పోతారు. కెమెరా ఇసుకకి జానెడు ఎత్తులో. మొదటి షాటు పాదాలు, పట్టీలు, వచ్చి తగిలే అల, నాలుగు సెకన్లు. రెండోది నడుము, గాలికి ఎగిరే పైట, అయిదు సెకన్లు. మూడోది మెడ మీద తడి జుట్టు, మూడు సెకన్లు. సెకనుకి 60 ఫ్రేములు తీసి 24లో వదిలారు కాబట్టి అంతా రెండున్నర రెట్లు నెమ్మదిగా కదులుతుంది. పన్నెండు సెకన్లు గడిచాక, పదమూడో సెకనులో మొహం. అదే సినిమాలో హీరో పరిచయం ఫిషింగ్ హార్బర్లో. మొదటి ఫ్రేములోనే మొహం, చేతిలో ఐసు పెట్టె, వెనక పడవలు, అరుపులు, మామూలు వేగం. అతనికి పనుంది, ఊరుంది, చెమటుంది. ఆమెకి ఒంటి భాగాలున్నాయి.

లెన్సు సంగతి ఇంకా సూక్ష్మం, జ్యూరీ కళ్ళకి తొందరగా ఆనదు. ఆమె షాట్లన్నీ 85 ఎం.ఎం. మీద, అపెర్చర్ పూర్తిగా తెరిచి తీస్తారు. వెనకాల ఉన్న ఊరంతా కరిగి రంగుల మరకలవుతుంది. అతని షాట్లు 24 లేదా 35 మీద ఉంటాయి. వీధి, అరుగు, పక్కింటి మనుషులు అన్నీ స్పష్టం. కెమెరామన్ని అడిగితే "ఆడవాళ్ళ మొహానికి 85 అందం" అంటాడు, నిజాయితీగానే అంటాడు. అయితే ఫలితం ఏమిటంటే అతను విశాఖపట్నంలో బతుకుతున్నాడు, ఆమె ఎక్కడా బతకడం లేదు. ఇద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకునే సీన్లో ఇంకోటి గమనించండి. ఆమె క్లోజప్‌లో ఫ్రేము అంచున అతని భుజం ఉంటుంది, అంటే ఆమెని అతని పక్కన నిలబడి చూస్తున్నాం. అతని క్లోజప్‌లో ఆమె భుజం ఉండదు. అతను ఒక్కడే, స్వతంత్రుడు. విరుగుడు కష్టమేమీ కాదు. ఒకే సీన్లో ఇద్దరికీ ఒకే లెన్సు, ఒకే దూరం, ఎవరి కంటి ఎత్తులో వాళ్ళకి కెమెరా. మార్చాల్సి వస్తే కథలో దానికి కారణం చూపించాలి.

ఇంకో షాటు ప్రతి ఏడూ వస్తుంది. ఆమె గదిలో చీర మార్చుకుంటూ ఉంటుంది. కెమెరా తలుపు సందులోంచి చూస్తుంది. కథలో ఆ తలుపు దగ్గర ఎవరూ లేరు. మరి చూస్తున్నదెవరు? ఎవరైనా పాత్ర చూస్తున్నట్టయితే దర్శకుడు ఆ చూపు మీద తన అభిప్రాయం తర్వాతి షాటులో చెప్పుకోవచ్చు, అతన్ని అసహ్యించుకునేలా తీయొచ్చు, ఆమె తిరిగి చూసేలా చెయ్యొచ్చు. ఎవరూ లేనప్పుడు ఆ సందులో నిలబడ్డది దర్శకుడు, పక్కన మనల్ని కూడా నిలబెట్టాడు. 1975లో బ్రిటిష్ సినిమా విమర్శకురాలు లోరా మల్వీ, సినిమాలో మూడు చూపులుంటాయని, అవి కెమెరాది, ప్రేక్షకుడిది, పాత్రదీ అని విడదీసి చెప్పింది. యాభై ఏళ్ళు గడిచాయి. మన తలుపు సందు ఇంకా మూసుకోలేదు.

దీన్ని పట్టుకోవడానికి సిద్ధాంతాలు చదవక్కర్లేదు. సినిమా మొదటి మూడు నిమిషాలూ శబ్దం తీసేసి చూడండి. సంగీతం ఉన్నప్పుడు "కవితాత్మకం" అనిపించినవి శబ్దం పోగానే ఏమిటో తెలిసిపోతాయి.

వంటగది గురించి ఒక మాట చెప్పకపోతే మా కంటిన్యూటీ వాళ్ళు ఊరుకోరు. హీరో అమ్మ ఎప్పుడూ పొయ్యి దగ్గరే ఉంటుంది. మూడుసార్లు కనిపిస్తుంది, మూడుసార్లూ గరిటె తిప్పుతూనే. పొయ్యి మాత్రం వెలగదు. బాణలిలో ఏమీ ఉండదు. సింకులో గిన్నెలుండవు. గోడకి నూనె మరక ఉండదు. అయిదు గంటలప్పుడు తీసిన సీన్లో, రాత్రి పదింటి సీన్లో అదే నలగని చీర. ఆ గదిలో రోజుకి ఎన్ని గంటలు, ఎంత పని జరుగుతుందో దర్శకుడికి తెలీదని ఆర్ట్ డైరెక్షనే చెప్పేస్తుంది. "అమ్మ గొప్పది" అన్న డైలాగు ఆ సినిమాలోనే ఉంటుంది, సందేహం లేదు. నిజంగా ఉప్మా చేయించి తీస్తే ఆవాలు చిటపటలాడే శబ్దం, మధ్యలో వచ్చిన ఫోను, మాడిన అడుగు, విసుగు, అన్నీ ఖర్చు లేకుండా వస్తాయి. ఆమె మనిషవుతుంది.

అత్యాచారం, కొట్టడం లాంటి దృశ్యాల దగ్గర మాకు ఓపిక తక్కువ. సెన్సారు బోర్డుకి కేంద్రం 1991 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది: స్త్రీలని కించపరిచే దృశ్యాలు ఏ రకంగానూ ఉండకూడదు, లైంగిక హింస దృశ్యాలు వీలైనంతవరకు వద్దు, కథకి తప్పనిసరైతే అతి తక్కువకి కుదించాలి, వివరంగా చూపించకూడదు. యూట్యూబ్‌లో పెట్టే లఘుచిత్రానికి సెన్సారు అక్కర్లేదు కాబట్టి ఇదేదీ మనకి వర్తించదనుకుంటున్నారు. చట్టప్రకారం సరే. మరి "అత్యాచారాలకు వ్యతిరేకంగా" అని టైటిల్స్‌లో వేసుకున్న సినిమా, ఆ ఒక్క సీనుకి రెండున్నర నిమిషాలు ఎందుకిచ్చింది? కెమెరా దాడి చేసేవాడి భుజం మీద ఎందుకుంది? చిరిగిన జాకెట్టు క్లోజప్ ఏ సందేశం కోసం?

ఇలాంటి సీను తప్పనిసరైనప్పుడు తెలిసినవాళ్ళు చేసే పద్ధతి ఇది. దాడి తలుపు అవతల జరుగుతుంది. శబ్దం కూడా కొద్దిగానే. మిగిలిన సమయం తర్వాతి గంటకి ఇస్తారు. ఆమె స్టేషనుకి ఎలా వెళ్ళింది, ఎవరు తోడొచ్చారు, కాగితం మీద ఏం రాయమన్నారు, రాత్రి ఏ బట్టలు ఉతకాలో ఉతక్కూడదో తెలియక ఎలా కూర్చుంది. చూపించాల్సిన భాగం తప్పదనుకుంటే ఫైటు కంపోజ్ చేసినట్టే అడుగు అడుగూ ముందే కంపోజ్ చేస్తారు. ఏ చెయ్యి ఎక్కడ, ఎన్ని సెకన్లు, ఆపమనడానికి ఏ మాట. సెట్‌లో అవసరమైన నలుగురైదుగురే. ఫోన్లు బయట బుట్టలో. మానిటర్ ఒకటే, అది దర్శకుడి దగ్గర. "సహజంగా రావాలి" అని నటికి చెప్పకుండా ఎదుటివాడితో కొత్తగా ఏదైనా చేయించడం నటన రాబట్టడం కాదు, అది ఆమె మీద జరిగిన దాడి, రికార్డయింది కూడా. చిన్నపిల్లలైతే ఇంకా కఠినం. బాలకార్మిక చట్టం కింద 2017లో వచ్చిన నియమాల ప్రకారం పిల్లల చేత షూటింగ్ చేయించాలంటే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి, రోజుకి 5 గంటలకి మించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. మీ దగ్గరికి వచ్చే పిల్లల సినిమాల్లో ఆ అనుమతి కాగితం ఎన్నిటికి జత చేశారో మీరే చూసుకోండి.

"నిజ సంఘటన ఆధారంగా" అని వేసేవాళ్ళకి ఇంకో హెచ్చరిక. అత్యాచార బాధితురాలి పేరు గానీ, ఆమెని గుర్తుపట్టే వివరం గానీ బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 72వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ళ దాకా శిక్ష. ఫొటో వెయ్యకపోయినా వీధి, కాలేజీ, తండ్రి ఉద్యోగం కలిపి చెప్తే ఊరంతా గుర్తుపడుతుంది. ఎంట్రీ తీసుకునేది మీరు. ప్రదర్శించేదీ మీరే.

వెంటపడడం గురించి కూడా. అమ్మాయి వద్దన్నా రోజూ మద్దిలపాలెం బస్టాపు దగ్గర కాపు కాయడం, ఆమె ఇంటి ముందు బైకు రేజ్ చెయ్యడం, ఫోను నంబరు సంపాదించి మెసేజీలు పెట్టడం. 2013లో చట్టంలోకి వచ్చిన ఈ నేరం ఇప్పుడు న్యాయ సంహిత 78వ సెక్షన్. మొదటిసారికి మూడేళ్ళ దాకా. సినిమాలో నేరం చూపించకూడదని ఎవరూ అనరు. హత్య కూడా చూపిస్తాం కదా. అయితే హత్య సీన్లో వేణువు వాయించం. వెంటపడే సీన్లో వాయిస్తాం. ఆర్.ఆర్., అంటే నేపథ్య సంగీతం, చేసే దగ్గరే అసలు తీర్పు జరిగిపోతుంది. అదే బస్టాపు సీనుని సంగీతం లేకుండా, ట్రాఫిక్కు, ఆమె ఊపిరి, దగ్గరౌతున్న బైకు శబ్దం మాత్రమే పెట్టి చూడండి, భయం వేస్తుంది. చెంపదెబ్బ కూడా అంతే. హీరో ఆమెని కొట్టగానే డప్పు దెబ్బ ఒకటి కలిపి, వెంటనే అతని కన్నీళ్ళకి కట్ చేస్తే, కొట్టించుకున్నది ఆమె, జాలి అతని మీద. ఆ కట్ మూడు సెకన్లు ఆలస్యంగా పడి, కెమెరా ఆమె దగ్గరే ఉంటే సినిమా వేరు.

మన ఊరి ఆడవాళ్ళు ఈ సినిమాల్లో ఎక్కడున్నారు? 2018లో కంచరపాలెం మనుషులే నటులుగా ఒక సినిమా వచ్చి దేశమంతా చూశాక, స్థానికత అన్న మాట అందరి నోటా నానింది. స్థానికత హీరో యాసలో కనిపిస్తోంది. "ఏటి, బేగి రా, ఎల్లిపోనాడు" అంటూ అతను మాట్లాడతాడు. హీరోయిన్ మాత్రం టీవీ యాంకర్ తెలుగు మాట్లాడుతుంది, అదీ ఇంకొకరి డబ్బింగు గొంతుతో. ఉత్తరాంధ్ర యాస మాట్లాడే ఆడమనిషి వచ్చిందంటే నవ్వించడానికే. పనిమనిషి, లేకపోతే చేపలమ్మే గయ్యాళి. హార్బర్లో తెల్లారకుండానే వేలంలో నిలబడి, ధర కట్టి, ఐసు కొట్టించి, ఆటో మాట్లాడుకుని, ఎండెక్కేలోగా కాలనీల్లో తట్ట దించే మనిషి ఆమె. అప్పు, వడ్డీ, మిగులు, పాడయ్యే సరుకు లెక్కలన్నీ నోటి మీద ఉంటాయి. ఆ లెక్కల్లో ఒక పూర్తి సినిమా ఉంది. మనవాళ్ళు ఆమె తిట్లు మాత్రం తీసుకున్నారు.

అచ్యుతాపురం బట్టల కంపెనీలకి షిఫ్టు బస్సుల్లో వెళ్ళే అమ్మాయిలు, పరవాడ మందుల కంపెనీల్లో చేసేవాళ్ళు, కేజీహెచ్ నర్సులు, తెల్లారకముందే రోడ్లూడ్చేవాళ్ళు. వీళ్ళలో ఒక్కరూ హీరోయిన్ కాలేదు. అరకు వైపు కెమెరా తిప్పితే మరీ ఘోరం. అద్దె దుకాణంలో దొరికే "గిరిజన డ్రెస్సు" తొడిగి, జాకెట్టు లేకుండా చీర చుట్టి, థింసా నాట్యం వరసలో హీరోయిన్ని నిలబెట్టి, అమాయకురాలు, ప్రకృతి బిడ్డ అంటారు. పక్కనే ఆ వరసలో నిజంగా ఆడుతున్న ఆడవాళ్ళు జాకెట్లు వేసుకునే ఉన్నారు. ఫ్రేములో ఆ తేడా కనిపిస్తూనే ఉంటుంది.

తెర మీద చూపించే తీరుకీ, సెట్‌లో చూసే తీరుకీ సంబంధం లేదని కొందరంటారు. ఉంది, అది చాలా మామూలు దారిలో వస్తుంది. సీన్ పేపర్లో ఆమెకి పని రాయలేదు కాబట్టి లొకేషన్లో కొత్తగా ఏదో ఒకటి చేయించాలి. యారాడలో సాయంత్రం, వెలుగు పది నిమిషాల్లో పోతుంది, పదిహేనుమంది నిలబడి ఉన్నారు, అప్పుడొస్తుంది ఆ మాట: "ఒక్క షాట్ మేడం, పైట కొంచెం జారిస్తే చాలు, లైట్ పోతోంది." ఆ పరిస్థితిలో వద్దనడం ఎంత కష్టమో అక్కడ నిలబడ్డవాళ్ళకి తెలుసు. కాబట్టి నియమం ఒకటే. శరీరానికి సంబంధించిన ఏ షాటైనా కనీసం రెండు రోజుల ముందు రాతపూర్వకంగా ఆమె చేతిలో ఉండాలి. ఏ బట్టలు, ఎంత దూరంలో కెమెరా, ఎవరు తాకుతారు, సెట్‌లో ఎవరుంటారు, ఎడిట్ ఆమెకి ఎప్పుడు చూపిస్తారు అన్నీ అందులోనే. అదే రోజు కొత్తగా అడగడం కుదరదు, ఆమె ఒప్పుకున్నా కుదరదు.

చిన్న విషయాలే ఎక్కువ బాధపెడతాయి. కాలర్ మైకు పెట్టడం ఒకటి. సౌండు కుర్రాడు తంతి జాకెట్టు లోపలికి తోయడం అలవాటైపోయింది. మైకు, టేపు ఆమె చేతికిచ్చి, క్లిప్పు గడ్డానికి జానెడు కింద, తంతి జాకెట్టు లోపల నుంచి వెనక్కి, ట్రాన్స్‌మిటర్ నడుము దగ్గర అని చెప్తే తనే తెర వెనక పెట్టుకుంటుంది. చీర రాపిడి వినిపిస్తే మళ్ళీ అడిగి సరిచేయించుకోవచ్చు, లేదా కర్రకి కట్టి పైనుంచి పట్టే బూమ్ మైకు వాడొచ్చు. భీమిలి దగ్గర పొద్దున్న అయిదింటికి షూటింగ్ పెట్టి బాత్రూం ఎక్కడో చూసుకోకపోవడం, కారు తలుపు అడ్డం పెట్టి చీర మార్చుకోమనడం కూడా ఇలాంటివే. మడత టెంటు ఒకటి ఒక రోజు డ్రోన్ అద్దె కన్నా తక్కువకే వస్తుంది. డ్రోన్ మాత్రం ఎప్పుడూ మర్చిపోరు.

"ఫ్రెండ్స్ కలిసి తీస్తున్నాం, జీతాలు లేవు, మాకు ఈ చట్టాలేంటి" అని మీ దగ్గర వాదిస్తారు. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. అందులో ఉద్యోగి అంటే జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు కూడా. పని మీద వెళ్ళిన చోటు, సంస్థ ఏర్పాటు చేసిన బండి కూడా పని ప్రదేశమే. పదిమంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే అంతర్గత కమిటీ ఉండాలి, దానికి ఒక మహిళ అధ్యక్షత వహించాలి, సగం మంది మహిళలు, బయటి నుంచి ఒకరు. అంతకంటే తక్కువమందయితే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వొచ్చు. ప్రతి సినిమా యూనిట్‌కీ కమిటీ ఉండాల్సిందేనని కేరళ హైకోర్టు 2022 మార్చిలో చెప్పింది. ఈ చట్టానికి మూలం 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ మార్గదర్శకాలు. ఆ విశాఖ రాజస్థాన్‌లోని ఒక సంస్థ పేరు, మన ఊరు కాదు. పేరు కలిసింది కదా అని మనం చేసినట్టు చెప్పుకునే వీలయితే లేదు. మలయాళ సినిమాల్లో ఆడవాళ్ళ పరిస్థితి మీద హేమ కమిటీ ఇచ్చిన నివేదిక కేరళ ప్రభుత్వానికి 2019 చివర్లో అందితే, కొన్ని భాగాలు చెరిపేసి బయటపెట్టింది 2024 ఆగస్టులో. పెద్ద పరిశ్రమల సంగతి అలా ఉంది. మన పోటీలకి అన్నేళ్ళు పట్టక్కర్లేదు.

థంబ్‌నెయిల్ సంగతి. సినిమాలో అర సెకను కూడా లేని ఫ్రేము, ఆమె వంగినప్పటిది, రషెస్‌లోంచి (ఎడిట్ చెయ్యని ఫుటేజీలోంచి) ఏరి పైన వేస్తారు. యూట్యూబ్‌లో జనం మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూసిన చోట గీత లేచి కనిపిస్తుంది, వచ్చే సినిమా ఆ గీతని చూసి రాస్తారు. మీ పోటీలో పెట్టిన సినిమా పోస్టరు, థంబ్‌నెయిల్ కూడా ఎంట్రీలో భాగమేనని నియమం పెట్టండి. రషెస్ ఎవరి దగ్గరుంటాయి, వాడని షాట్లు ఏ తేదీకి చెరిపేస్తారో కూడా అడగండి.

ఇక మీరు చెయ్యాల్సినవి. ఎంట్రీ ఫారానికి ఒక పేజీ కలపండి: నటీమణుల సమ్మతి పత్రం, కమిటీ వివరం గానీ స్థానిక కమిటీ చిరునామా గానీ, పిల్లలుంటే అనుమతి. ఆడిషన్ ప్రకటన నకలు కూడా అడగండి. "ఫెయిర్, స్లిమ్, బోల్డ్‌కి రెడీ" అని వేసినవాళ్ళు ఆ కాగితం మీకు చూపించాల్సి వస్తే వచ్చేసారి మారుస్తారు. ఆడిషన్లు పగలు, తలుపు తెరిచి ఉండే హాల్లో, యూనిట్ నుంచి ఒక ఆడమనిషి ఉండగా, చదవాల్సిన పేజీ ముందు రోజే పంపి జరగాలి. ఇల్లు, హోటల్ గది వద్దు.

మార్కుల షీటులో నీతికి మార్కులు పెట్టొద్దు. మేం అడిగేది అది కాదు. ఆడవాళ్ళని దేవతల్లా చూపించమనీ అడగట్లేదు, ఆ దేవతలతో కూడా విసిగిపోయాం. దొంగతనం చేసే ఆడది కావాలి, మోసం చేసేది కావాలి, అత్త మీద కక్ష తీర్చుకునేది కావాలి. ఆమె కారణం ఆమెకి ఉండాలి, అంతే. పాత్ర నిర్మాణానికి, కెమెరాకి, శబ్దానికి ఇప్పుడిచ్చే మార్కుల్లోనే ఈ లేఖలో చెప్పినవన్నీ పడతాయి. పన్నెండు సెకన్ల పాదాలూ నడుమూ చెడ్డ పరిచయం, ఎందుకంటే దానివల్ల ఆమె గురించి మనకి ఏమీ తెలియలేదు. దానికి కెమెరా మార్కులు తగ్గాలి.

ఉత్తమ నటి బహుమతి ఇచ్చేటప్పుడు ఆమెకి సినిమాలో చెయ్యడానికి ఏముందో ఒక వాక్యం రాసి ఇవ్వండి. ఆ వాక్యం రాయలేకపోతే ఆ ఏడు బహుమతి ఆపెయ్యండి. జ్యూరీలో సగం ఆడవాళ్ళుండాలి, పూలగుచ్ఛం అందించడానికి కాదు, మార్కులు వెయ్యడానికి. దొరకడం లేదనకండి. భానుమతి 1953లోనే మూడు భాషల్లో సినిమాకి దర్శకత్వం వహించింది. విజయనిర్మల 44 సినిమాలు తీసి 2002లో గిన్నిస్‌లోకి ఎక్కింది. మన ఊళ్ళోనే ఎడిటర్లు, రచయిత్రులు, యూనివర్సిటీలో నాటకం నేర్పేవాళ్ళు ఉన్నారు. ప్రదర్శన తర్వాత ప్రశ్నల సమయంలో మైకు ముందు నటికివ్వండి, దర్శకుడు తర్వాత మాట్లాడొచ్చు.

ఫారంలో కలపాల్సిన పేజీ, మార్కుల షీటు నమూనా మేం తయారు చేసి ఉంచాం, అడిగితే పంపిస్తాం. వచ్చే పోటీ ప్రకటన వెయ్యకముందే ఒక ఆదివారం మధ్యాహ్నం, పౌర గ్రంథాలయంలో గానీ మీకు వీలైన ఇంకో చోట గానీ, మీ జ్యూరీతో కూర్చుని కిందటేడు గెలిచిన మూడు సినిమాలు శబ్దం తీసేసి చూద్దాం. ప్రొజెక్టరు, స్టాప్‌వాచ్ మేం తెస్తాం.

ఇట్లు,
విశాఖపట్నంలో చిన్న సినిమాలకు పనిచేసే ఎడిటర్లు, సౌండు, కెమెరా, కాస్ట్యూమ్, కంటిన్యూటీ సాంకేతికులు, నటీనటులు